దొరసాని బరువెంత?

అనంతపురం,
ఆగస్టు 3

వడ్రంగి ఇమాం హుస్సేన్ గారికి,

ఉరవకొండ హైస్కూల్లో ఇరవై ఏళ్లపాటు మీ చేత బెంచీలు బాగు చేయించిన పుష్పావతి టీచర్ నమస్కారాలు. రంపం మిషను దగ్గర పనిచేసి పనిచేసి మీకు వినికిడి బాగా తగ్గిందనీ, ఫోను ఎత్తడమే మానేశారనీ మీ అమ్మాయి ముంతాజ్ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. మీ ఊరి బస్సు కండక్టర్ తిప్పేష్ చేతికిస్తున్నాను. అతను నా శిష్యుడే. చదవడమంటే మొదటి నుంచీ ఇష్టం లేదు కాబట్టి విప్పి చూస్తాడన్న భయం లేదు.

రిటైరయ్యాక నేను చెల్లెలు హేమలత వైద్యం కోసం ఇక్కడికి వచ్చేశాను. జనవరిలో దానికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, నాలుక తిరగదు. మేడ మీద ఒక గది, ఒక వంటిల్లు. రెండు మంచాలు వేశాక మాకు మిగిలింది కిటికీ పక్కన అడుగున్నర మూల. ఇంట్లో ఉండేది ఇద్దరం, ఒక పిల్లి. పిల్లి పేరు దొరసాని. వయసు పదకొండేళ్లు. గడప దాటి ఎరగదు.

బాధంతా ఈ పిల్లితోనే. నెల రోజులుగా చెంబులు, మందుసీసాలు, దేవుడి పటాలు పడిపోతున్నాయి. కింద ఉండే ఇంటి ఓనరు జయరాం గారికి ఆ చప్పుడుకి గుండెలు అదురుతున్నాయట. "ఏం టీచరమ్మా, పైన పిల్లిని సాకుతాండారా, ఎనుమును సాకుతాండారా? మా ఇంటి కప్పు ఉండాల్నా, పోవాల్నా?" అని మెట్ల దగ్గర నిలబెట్టి అడిగాడు. వినాయక చవితి లోపల పిల్లయినా పోవాలి, మేమైనా పోవాలి అని గడువు పెట్టాడు. పిల్లిని పంపాలంటే ముదిగుబ్బలో గొర్రెలు మేపుకునే మా చెన్నప్ప మామ దగ్గరికే పంపాలి. ఆయన మందకు నాలుగు కుక్కలున్నాయి. హేమలత రోజంతా చూసుకుని బతికేది ఈ పిల్లినే. అది వెళ్లిపోతే నా చెల్లెలు ఏమైపోతుందోనని నాకు భయంగా ఉంది.

కాబట్టి ఆ మూలలో పట్టేలాగా ఎనిమిదడుగుల ఎత్తున, నాలుగు అరలతో ఒక స్టాండు వెంటనే చేసిపెట్టగలరు.

ఇట్లు,
పుష్పావతి

తా.క.: నేను ఇంట్లో ఉన్నంతసేపూ దొరసాని ఎంతో బుద్ధిగా ఉంటుంది. సంచి పట్టుకుని బజారుకి బయలుదేరితే చాలు, మొదలుపెడుతుంది. ఇటువంటి వాళ్లను క్లాసులో చాలామందిని చూశాను.


ఉరవకొండ,
ఆగస్టు 11

టీచరమ్మగారికి ఇమాం హుస్సేన్ సలాములు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. రావలసినవాళ్లంతా వచ్చి పోతున్నారు, వాన ఒక్కటే రాలేదు. శెనక్కాయ చెట్లు ఊడలు దిగే వేళకు భూమి పెంకులాగా ఉంది. పొలం పనులు లేవు కనుక మీ పని తొందరగా అయిపోయింది.

మంచి ముదురు వేపచెక్కతో చేశాను. గరుకు కాగితంతో మూడుసార్లు రుద్ది, రెండుసార్లు వార్నిష్ కొట్టాను. నడిమి కర్ర చుట్టూ గొడుగులాగా తగరపు రేకు బిగించాను. పరీక్ష చేయకుండా సరుకు పంపే అలవాటు మా నాయన కాలం నుంచి లేదు. అందుకని పైఅరలో ఎండుచేపలు పెట్టి వాకిలి తీసి కూర్చున్నాను. ఏడు పిల్లులు వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి మొదటి అర దాకా కూడా పోలేదు. చేపల బజారు గండుపిల్లి ఒకటి మూడుసార్లు దూకి, మూడుసార్లు జారి, నా ముఖం చూసి వెనక్కి తగ్గింది. ఇంత నున్నని పని నేను నా పెళ్లి మంచానికి కూడా చేయలేదు.

ఇక మీ చెంబులకు, పటాలకు భయం లేదు. అన్నీ పైన పెట్టుకుని నిశ్చింతగా ఉండండి. పిల్లి కింద కూర్చుని చూస్తుంది.

తమ విధేయుడు,
ఇమాం హుస్సేన్

తా.క.: ఆ ఏడు పిల్లులూ ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. మా ఇంటావిడ నూర్జాన్ నాతో మాట్లాడటం మానేసింది. చివరగా అన్న మాట: "పిల్లుల్ని తోలే సామాను చేస్తానంటివి. ఊర్లో పిల్లుల్నంతా పిలిచి సేపలు సూపిస్తాండావు. ఏం మనిషివయ్యా నువ్వు?"


అనంతపురం,
ఆగస్టు 14

ఇమాం హుస్సేన్ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూర్చుని చదివాను.

తప్పు నాదే. ప్రశ్న సరిగ్గా అడగకపోతే జవాబు సరిగ్గా రాదని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినదాన్ని. ఆ స్టాండు పిల్లి ఎక్కకుండా ఉండటానికి కాదు. పిల్లి ఎక్కడానికే. పిల్లికి ఎత్తున కూర్చుని లోకాన్ని చూడాలని ఉంటుందట. దానికంటూ ఒక ఎత్తు ఇస్తే బీరువా జోలికి, పటాల జోలికి పోదట. బెంగుళూరులో ఉండే మా తమ్ముడి కూతురు సరళ ఫోనులో ఇలాంటి స్తంభాల బొమ్మలు చూపించింది. అమ్మేవి చూశాం. అన్నిటికీ దుప్పట్ల బొచ్చు అంటించారు. ఈ ఊరి ఎండకు ఆ బొచ్చు మీద పిల్లి కాదు, ఈగ కూడా వాలదు. పైగా చేత్తో తోస్తే ఊగుతాయి. ఊగే దాన్ని పిల్లి ఒకసారి ఎక్కితే మళ్లీ జన్మలో ఎక్కదని సరళ చెప్పింది.

అందుకని కర్రకు తాడు చుట్టాలి, గోళ్లు దిగేటట్టు. అరకీ అరకీ మధ్య అడుగుంపావు మించకూడదు, దొరసానికి వయసైంది. ఒకదాని మీద ఒకటి కాకుండా అటొకటి ఇటొకటి ఉండాలి, మెట్లలాగా. పైఅర కిటికీ ఎత్తుకి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు. కొడితే జయరాం గారు చవితి దాకా ఆగడు.

ఇట్లు,
పుష్పావతి

తా.క.: దొరసాని బరువు నాలుగు కిలోలు. చప్పుడును బట్టి చూస్తే నలభై ఉంటుందని జయరాం గారు అంటున్నాడు. మీరు నా లెక్కే తీసుకోండి.

మళ్లీ తా.క.: మీ ఉత్తరంలో ఐదు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది ఇందులో పెట్టాను. ఏమీ అనుకోకండి, చెయ్యి ఊరుకోదు.


ఉరవకొండ,
ఆగస్టు 18

టీచరమ్మగారికి సలాములు.

తప్పులు చూసుకున్నాను. ముంతాజ్ కూడా చూసి, "నాయనా, నీకూ ఎర్ర సిరా పడిందా!" అని సంతోషపడింది.

నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. పిల్లికి అందకుండా ఉట్టి కొక్కీ కొట్టమన్నారు, పాలకు జాలీ పెట్టె చేయమన్నారు, వంటింటి తలుపుకి సందు మూయమన్నారు. పిల్లి ఎక్కడానికి చేయమన్న మొదటి మనిషి మీరే. నేను ఇంతకాలం పిల్లులకు చేసిన అన్యాయం ఒక్కసారిగా గుర్తొచ్చి మనసు అదోలా అయింది. రేకు ఊడదీశాను.

అయితే టీచరమ్మా, నాకొక పట్టింపు ఉంది. వాడేవాళ్ల కొలత తెలియకుండా కర్ర కోయను. ఉయ్యాల చేయమంటే బిడ్డ పుట్టాక రమ్మంటాను. ముసలాయనకు కుర్చీ అంటే ఆయన మోకాలు కొలుస్తాను. మా నాయన నేర్పిన పద్ధతి అది. కాబట్టి కొన్ని సంగతులు రాయండి. మీరు నాలుగు కిలోలంటారు, ఓనరు నలభై అంటాడు. నడుమ ముప్పై ఆరు కిలోలు ఎక్కడివి? కోపంలో మనిషి నాలుగుని ఆరంటాడు, ఎనిమిదంటాడు. నలభై అన్నాడంటే ఏదో విన్నాడు. పడిన వస్తువులు ఎంత ఎత్తు నుంచి పడ్డాయి? బీరువా మీద, గోడ మీద గోటి గీతలు ఉన్నాయా? ఉంటే వాటి పొడవెంత?

ఇవి తెలిస్తే గానీ కర్ర లావెంత ఉండాలో తేలదు.

తమ విధేయుడు,
ఇమాం హుస్సేన్

తా.క.: పిల్లి పొడవు రాసేటప్పుడు తోకతో కలిపా, తోక లేకుండానా, స్పష్టంగా రాయండి. తోకకు అర అక్కర్లేదు.


అనంతపురం,
ఆగస్టు 22

ఇమాం హుస్సేన్ గారికి,

పొడవు తోక లేకుండా పద్దెనిమిది అంగుళాలు. తోక కొలవనివ్వలేదు.

గోటి గీతల కోసం భూతద్దం పెట్టి వెతికాను. ఒక్కటీ లేదు. పడినవన్నీ మూడడుగులకూ నాలుగడుగులకూ మధ్య ఉన్నవే. బీరువా నెత్తిన ఉన్న ఇత్తడి బిందె మాత్రం కదల్లేదు, దాని మీద దుమ్ము దుమ్ములాగే ఉంది. బీరువా పిడి కిందికి వంగిపోయింది. నాలుగు కిలోల పిల్లి ఇనుప పిడిని ఎలా వంచిందో నాకు అర్థం కాలేదు. వేలాడి ఉంటుంది.

పడిన ప్రతిసారీ నేను ఇంట్లో లేను, కాబట్టి హేమలతనే అడుగుతాను. "ఎవరు చేశారు?" అంటే ఎడమచేయి ఎత్తి దొరసాని వైపు చూపిస్తుంది. దొరసాని గోడ వైపు తిరుగుతుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మీరు అడగలేదు గానీ చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. ఫిబ్రవరిలో ఆసుపత్రి వరండాలో హేమలత నా చేయి జారి పడింది. నేనే పట్టుకుని నడిపిస్తున్నాను అప్పుడు. ఆ రోజు నుంచి దాని కాలు నేలకు ఆనించనివ్వలేదు. అన్నం నేనే పెడతాను, నీళ్లు నేనే తాగిస్తాను, తల నేనే దువ్వుతాను. ఎడమచేత్తో ఏదైనా రాస్తానని సైగ చేస్తే అలసిపోతావని పెన్ను తీసి పక్కన పెడతాను. మళ్లీ పడితే నేను తట్టుకోలేను. ఈ ఇంట్లో అది ఆశగా చూసేది ఒక్క పిల్లినే. దాన్ని కూడా పంపేయమంటే నా చేతులతో ఎలా పంపను చెప్పండి.

చవితికి మూడు వారాలే ఉంది.

ఇట్లు,
పుష్పావతి

తా.క.: కొలిచిన టేపు మీద దొరసాని పడుకుంది. అది లేచాక ఈ ఉత్తరం పూర్తి చేశాను. అందుకే రెండు రోజులు ఆలస్యం.


ఉరవకొండ,
సెప్టెంబరు 1

టీచరమ్మగారికి సలాములు.

ఆదివారం స్టాండు బిగించడానికి వచ్చినప్పుడు మీ ఇంట్లో తాగిన టీ రుచి ఇంకా నోట్లోనే ఉంది. స్తంభం బస్సు టాపు మీద ఎక్కించినందుకు తిప్పేష్‌కు మీరు కూడా ఒక మాట చెప్పండి. దారి పొడుగునా "అది కరెంటు స్తంభమా అన్నా?" అని అడిగినవాళ్లకు "పిల్లిది" అని జవాబు చెప్పి చెప్పి అతని గొంతు పోయింది.

మీరు చూడగా బిగించిందే అయినా, గుర్తుండటానికి రాస్తున్నాను. అడుగున రెండు తాడిపత్రి నల్లబండలు, ఒకదాని మీద ఒకటి. అవి ఉన్నంతకాలం స్తంభం ఒరగదు. పైకొసకు మర ఉంది, దాన్ని తిప్పితే రబ్బరు ముక్క కప్పుకి అదుముకుంటుంది. మేకు లేదు. చుట్టింది కిత్తనార తాడు, మా పొలంగట్టు కిత్తలిదే. సడలితే ఇంకో చుట్ట పంపుతాను.

మేకు కొట్టడం లేదని జయరాం గారికి నచ్చజెప్పడానికి మీరు కిందికి వెళ్లినప్పుడు నేను మళ్లీ ఒకసారి కొలత తీశాను. ఇక్కడ అనుకుని వచ్చిన కొలత సరిపోలేదు. అందుకే మొదటి అర అంచు మూడున్నర అడుగుల ఎత్తుకి జరిపాను, దాని కింద చేతికి పట్టు దొరికేలా ఒక కొయ్య పిడి పెట్టాను, స్తంభాన్ని మూలలోంచి హేమలతమ్మ మంచం ఎడమ వైపుకి ఒక జానెడు లాగాను. పిల్లికి అంత ఎత్తు మొదటి మెట్టు ఎందుకని మీరు అడిగారు. చెవిటివాణ్ణి కాబట్టి వినపడలేదు.

ఒక్క షరతు. రోజూ పది నుంచి పదకొండు దాకా మీరు ఇంట్లో ఉండకూడదు. కొత్త స్తంభాన్ని మనిషి చూస్తుండగా ఎవరూ ఎక్కరు. సిగ్గు. పనివాడి మాట అనుకుని పాటించండి.

తమ విధేయుడు,
ఇమాం హుస్సేన్

తా.క.: నాలుగు కిలోలని రాశారు గానీ యాభై కిలోలకు చేశాను. పెద్దవాళ్లు పట్టుకుంటే విరగకూడదు కదా. జాగ్రత్త కోసం.


అనంతపురం,
సెప్టెంబరు 11

ఇమాం హుస్సేన్ గారికి,

పది రోజులు ఓపిక పట్టాను. ఇక రాయక తప్పదు.

దొరసాని మీ స్తంభాన్ని ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎండుచేప చూపించాను. పాలు పెట్టాను. ఎత్తి మొదటి అరలో కూర్చోబెట్టాను, నా భుజం మీదుగా దిగిపోయింది. రోజంతా అడుగున ఉన్న నల్లబండ మీద పడుకుంటోంది, చల్లగా ఉంటుందని. ఎనిమిదడుగుల స్తంభంలో అది వాడుకునేది అడుగున నాలుగంగుళాలు.

అయినా అబద్ధం చెప్పలేను. ఈ పది రోజుల్లో ఒక్క వస్తువు పడలేదు. ఒక్క చప్పుడు లేదు. నిన్న జయరాం గారు తనే మెట్లెక్కి వచ్చి, "ఏం టీచరమ్మా, పిల్లి సచ్చిపోయిందా ఏందీ? సప్పుడే లేకపాయ," అని అడిగాడు. బండ మీద దాన్ని చూసి, కాసేపు నిలబడి, "ఉండనీలేమ్మా పాపం," అని వెళ్లిపోయాడు. అంటే గడువు లేదన్నమాటే. ఆ మాట విన్నాక వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

కానీ నాకు లెక్క తేలలేదు. పిల్లి ఎక్కడం లేదు, తాడు మాత్రం అరిగిపోతోంది. అదీ కరెక్టుగా మూడున్నర అడుగుల దగ్గరే, నున్నగా. కొయ్య పిడి మీద వార్నిష్ కూడా పోయింది. గోళ్లతో గీరితే నార లేస్తుంది గానీ నున్నగా ఎలా అవుతుంది? నేను లేనప్పుడు ఎక్కి, నేను రాగానే దిగి పడుకుంటోందని అనుకుంటున్నాను. పదకొండేళ్ల నుంచి పెంచుతున్నా దాని గుండె లోతు నాకు తెలియలేదు. మీకేమైనా తెలిస్తే రాయండి.

ఇట్లు,
పుష్పావతి

తా.క.: హేమలతలో ఒక మార్పు కనిపిస్తోంది. గడియారం పది కొట్టగానే నా సంచి వైపు వేలు చూపిస్తుంది. నిన్న చెప్పులు కూడా చూపించింది. కూరగాయల మీద ఇంత ధ్యాస ఎప్పుడూ లేదు. రోజూ పోయి పోయి ఇంట్లో ఇప్పుడు ఆరు కిలోల వంకాయలు ఉన్నాయి.


అనంతపురం,
సెప్టెంబరు 16

ఇమాం అన్నకి,

హేమలత రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. ఎడమచెయ్యి ఇప్పుడే బడికి పోతోంది.

మా అక్క అడిగినదానికి మీరు జవాబు రాయలేదు. రాయరని నాకు తెలుసు. ఆ ఆదివారం అక్క కిందికి వెళ్లగానే మీరు నా మంచం దగ్గరికి వచ్చి వంగిన బీరువా పిడి చూశారు. తర్వాత నా ఎడమ అరచేతిలో కాయలు చూశారు. నేను పెదాల మీద వేలు పెట్టాను. మీరు నవ్వి, "నాకా, ఇనపడదు. నీకా, మాట రాదు. ఈ సంగతి యాడికి పోతాదిలేమ్మా," అని టేపు తీసి నా ఎత్తు కొలిచారు. జనవరి నుంచి నన్ను అందరూ ఎత్తారు, తిప్పారు, పడుకోబెట్టారు. నిలబడితే ఎంత ఉంటానో కొలిచింది మీరు ఒక్కరే.

నిజం చెప్పాలి. చెంబులు పడేసింది నేనే. పటాలూ నేనే. అక్క బజారుకి వెళ్లినప్పుడు లేచి నిలబడాలని చూసేదాన్ని. బీరువా పట్టుకునేదాన్ని. నిలవలేక మంచం మీద కూలబడేదాన్ని. అదే జయరాం గారు విన్న చప్పుడు. అక్కకు తెలిస్తే ఇక బజారుకి కూడా వెళ్లదు. అందుకని అడిగినప్పుడల్లా దొరసానిని చూపించాను. దాన్ని కుక్కల దగ్గరికి పంపేస్తారని విన్న రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. చెబితే నా కాళ్లు పోతాయి, చెప్పకపోతే అది పోతుంది. రెండూ మీరు కాపాడారు.

మొన్న చవితి రోజు అక్క పత్రి తేవడానికి వెళ్లింది. సంచి మరిచిపోయి మధ్యలో వెనక్కి వచ్చింది. నేను స్తంభం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఒక చెయ్యి వదిలేసి ఉన్నాను కూడా. అక్క నన్ను చూసింది. తలుపు దగ్గరే కూలబడిపోయింది. పెద్ద చప్పుడైంది. కింద నుంచి జయరాం గారు, "మళ్లా పిల్లేనా టీచరమ్మా?" అని అరిచాడు.

అక్క ఏడుస్తూనే, "కాదప్పా, ఈసారి నేనే!" అంది.

తర్వాత కళ్లు తుడుచుకుని లేచింది. అక్క వచ్చి నన్ను పట్టుకోబోయి, చేతులు వెనక్కి తీసుకుంది. పక్కన నిలబడింది, అంతే. సాయంత్రం ఈ పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

దొరసానికి సైగతోనే క్షమాపణ చెప్పాను. గోడ వైపు తిరిగింది.

ఇట్లు,
మీ చెల్లెలు,
హేమలత

తా.క.: నా బరువు నలభై ఒకటి. జయరాం గారి చెవులు మంచివి.

ఇంకో తా.క. (పుష్పావతి నుంచి): పైన రాసినదాంట్లో నాలుగు తప్పులున్నాయి. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. దిద్దలేదు.